వావిలాకు - వంచన పొట్లము

నొప్పి లేని గృహము మన సీమలో లేదు. సంజామల మొదలుకొని కోయిలకుంట్ల, అవుకు, కొలిమిగుండ్ల, బనగానపల్లె వఱకు గల పల్లెలను చూడుడు. నల్లరేగడి చేలలో వంగి పత్తి తీయు స్త్రీకి నడుము నొప్పి. సెనగ పైరు పెఱుకు కూలికి మోకాళ్ల నొప్పి. నాపరాళ్ల గనులలో బండలెత్తు వానికి వెన్ను నొప్పి. దీనికి మొదటి మందు విశ్రాంతియే యని ఎల్లరు నెఱుగుదురు. కాని ఒక దినము విశ్రమించినచో ఒక దినపు కూలి పోవును. కూలి పోయిన ఇంట పొయ్యి వెలుగుట కష్టము. కావున మన శ్రమజీవి నొప్పిని మాన్పుకొనుటకు గాక మఱునాడు పనికి పోవుటకే మందు వెదకుచున్నాడు. ఈ భేదమును గుర్తింపనివారు నొప్పి మందులను గూర్చి ఎంత పాండిత్యము ప్రకటించినను పల్లెకు దాని వలన ప్రయోజనము లేదు.

ఆ వెదకులాటలో వానికి మూడు త్రోవలు కనబడుచున్నవి. మొదటిది పెరటి త్రోవ. వావిలాకు వేసి కాచిన నీళ్ల స్నానము, ఆముదము రాచి వెచ్చజేసిన జిల్లేడాకు కట్టు, శొంఠి కషాయము, పసుపు పట్టు, ఇసుక మూటతో కాపడము: ఇవి మన అవ్వలు చెప్పిన ఉపాయములు. రెండవది సూదిమందు త్రోవ. పట్టా కలవారో లేనివారో ఒక సూది పొడుతురు; నొప్పి త్వరలోనే తగ్గును; నాలుగు దినములకు మరల వచ్చును; మరల సూది. మూడవది పొట్లము త్రోవ. సంతలోనో, తిరునాళ్లలోనో, బస్సులాగు చోటనో, నేడు చేతిఫోను ప్రకటనల మూలముననో ఒక చూర్ణపు పొట్లము చేతికి వచ్చును. దానిపై చేసినవాని పేరు సరిగా నుండదు. ఊరు పేరు ఉండదు. ఏ వస్తువు ఎంత కలిపిరో ఉండదు. కాని ఒక్క మాట మాత్రము పెద్ద అక్షరములతో నుండును: “నూటికి నూఱుపాళ్లు మూలికలు; ఏ హానియు లేదు.”

ఈ మూడవ త్రోవను గూర్చియే మేము నేడు వ్రాయ నుద్యమించితిమి. ఏలయన మన ప్రజల ఎముకలను, మూత్రపిండములను చెఱచుచున్నది ఇదియే. మన మూలికా వైద్యమునకు తీరని అపకీర్తి తెచ్చుచున్నదియు నిదియే.

ఆ పొట్లము చేయు అద్భుతమును కొంచెము పరికింపుడు. ఏండ్ల తరబడి వంగని మోకాలు రెండు దినములలో వంగును. ఆకలి పెరుగును. ముఖము నిండుగా కనబడును. “మా ఊరి మూలిక మహిమ” యని ఇంటిల్లిపాదియు సంతసింతురు. ఇరుగుపొరుగు వారును తెప్పించుకొందురు. కొన్ని నెలలు గడచును. నిండుగా కనబడిన ముఖము చంద్రబింబమువలె ఉబ్బును. చర్మము పలుచనై చిన్న దెబ్బకే కమిలిపోవును. రక్తములో చక్కెర పెరుగును. ఎముకలు లోలోపల గుల్లబాఱి, కాలుజాఱి పడిన మాత్రమున తుంటి విరుగును. అప్పుడు ఇంటివారు వయస్సును నిందింతురు, కర్మమును నిందింతురు. పొట్లమును మాత్రము నిందింపరు. ఏలయన అది మూలిక గదా!

అది మూలిక కాదు. దేశమునందు పలుతావుల ఇట్టి చూర్ణములను, గుళికలను పరీక్షించినపుడు వానిలో డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్ అను స్టెరాయిడ్ మందులును, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రల పొడియును బయటపడినవి. ఇది మన దేశమునకు మాత్రమే పరిమితమైన పాపము కాదు. 2022లో అమెరికా దేశపు ఆహారౌషధ శాఖవారు, సహజ ద్రవ్యములతో చేయబడినదని చెప్పి అమ్మబడుచుండిన యొక కీళ్లనొప్పుల మాత్రయందు చీటిపై చెప్పని డెక్సామెథసోన్, డైక్లోఫెనాక్ ఉన్నవని కనుగొని ప్రజలను హెచ్చరించిరి. ఆకు పేరు చెప్పి రసాయనమును మ్రింగించుట ఇప్పుడు ప్రపంచమంతటను వ్యాపించిన వర్తకము.

స్టెరాయిడ్ మందు తనంతట తాను శత్రువు కాదు. అర్హుడైన వైద్యుడు తూచి, గడువు పెట్టి ఇచ్చినచో అది ప్రాణదాత. కాని దానిని దాచి ఇచ్చుటయందే నేరమున్నది. మన దేహమునందు మూత్రపిండములపై నున్న చిన్న గ్రంథులు ఇట్టి రసమునే నిత్యము తయారు చేయుచుండును. బయటినుండి చాలకాలము ఆ మందు వచ్చుచుండగా ఆ గ్రంథులు తమ పనిని మానుకొనును. అట్టి స్థితిలో పొట్లమును హఠాత్తుగా విడిచినను ప్రాణాపాయమే. తాను తినుచున్నది ఏమియో రోగి యెఱుగడు. ప్రమాదము వచ్చి ఆసుపత్రికి పోయినపుడు వైద్యుడును ఎఱుగడు. తెలియని మందునకు విఱుగుడు ఏమని చెప్పగలడు?

ఇక మా మాటను రెండు పక్షములవారును తమ కనుకూలముగ త్రిప్పుకొందురని మేమెఱుగుదుము. “చూచితిరా, మూలికలన్నియు మోసమే” యని ఒక పక్షము; “అల్లోపతీ మందు కలిపిన వాడు చెడ్డవాడు గాని మూలిక ఎన్నటికిని హాని చేయదు” అని మఱియొక పక్షము. ఇరువురకును సమాధానము చెప్పవలసి యున్నది.

మొదట, ఆకును చూచి నవ్వు విద్యావంతులకు. అయ్యా, మీ జేబులోని నొప్పి మాత్ర వంశవృక్షమును విచారించితిరా? 1763లో ఎడ్వర్డ్ స్టోన్ అను ఇంగ్లీషు మతాచార్యుడు విల్లో చెట్టు బెరడుపొడి జ్వరమును తగ్గించునని లండనులోని రాయల్ సొసైటీకి విన్నవించెను. 1828లో మ్యూనిక్ నగరమునందు బుక్నర్ అను రసాయనజ్ఞుడు ఆ బెరడునుండి సాలిసిన్ అను సారమును తీసెను. ఆ త్రోవనే నడచి 1897లో బేయర్ కర్మాగారమున హాఫ్‌మన్ ఆస్పిరిన్‌ను శుద్ధముగా తయారు చేసెను. 1899లో అది అంగడికి వచ్చెను. శస్త్రచికిత్స పిమ్మట రోగికి నిద్రనిచ్చు మార్ఫిన్ నల్లమందు నుండి వచ్చినది. దంతవైద్యుడు పంటి గుంటలో నింపు యూజినాల్ లవంగతైలపు సారమే. పంటిపోటునకు లవంగము నొక్కిపట్టుకొనుమని చెప్పిన అవ్వను నవ్వినవాడు అదే సారమునకు ఆసుపత్రిలో రొక్కము చెల్లించుచున్నాడు.

మిరపకాయ కథ మఱింత చిత్రమైనది. దాని పుట్టిల్లు అమెరికా ఖండము. పోర్చుగీసు వర్తకుల మూలమున మన దేశమునకు వచ్చినది. నేడు అది లేని తెలుగువాని కంచము లేదు. ఆ కారమునకు మూలమైన కాప్సైసిన్ మన నరములలోని ఏ ద్వారమును తట్టి మంట పుట్టించునో కనుగొన్నందులకు డేవిడ్ జూలియస్ అను శాస్త్రజ్ఞునికి 2021లో నోబెల్ బహుమానము లభించెను. ఆ సారమునే లేపనముగను, పట్టీగను చేసి నరముల నొప్పికి వాడుచున్నారు. మంట పుట్టించు ద్వారమును మరల మరల తట్టినచో అది కొంతకాలమునకు మొద్దుబాఱి నొప్పి వార్తను మోయుట మానును. కారమునకు గుంటూరు రాజధాని యని గర్వించు మనము ఆ రహస్యమును వెదకలేదు. కావున దూరదేశమునందలి వారు కనుగొనిరి. మొక్క మన దగ్గఱ నున్నంత మాత్రమున విద్య మన దగ్గఱ నున్నట్లు కాదు.

అడవినాభి సంగతియు నట్టిదే. మన కొండలలోను కంచెలలోను అగ్నిజ్వాలవంటి పూవులతో ప్రాకు ఆ తీగలో కోల్చిసిన్ అను సారము కలదు. వాతరక్తమని మన వైద్యులు చెప్పు బొటనవ్రేలి పోటునకు అది నేటికిని వాడుకలో నున్న మందు. తమిళదేశపు రైతులు ఈ తీగను సాగుచేసి గింజలను విదేశములకు పంపుచున్నారు. గింజ పోవును, సారము తీయు విద్యయు, దాని లాభమును పరదేశమునందే నిలుచును. పూర్వము పత్తి పోయి బట్టయై తిరిగివచ్చినపుడు మన పెద్దలు స్వదేశీ యుద్యమమును లేవదీసిరి. నేడు గింజ పోయి మాత్రయై వచ్చుచుండగా మనము చీటిపై ఆకుబొమ్మను చూచి మురియుచున్నాము.

ఇక రెండవ పక్షము. “ప్రకృతి హాని చేయదు” అని పల్కు మహాశయులు మన శాస్త్రమును చదివినవారు కారు. ముష్టిగింజ ప్రకృతియే, దానిలోని స్ట్రిక్నిన్ మనుష్యుని విల్లువలె వంచి చంపును. వత్సనాభి ప్రకృతియే, అది గుండెను ఆపును. ఉమ్మెత్త ప్రకృతియే, అది మతి చెడగొట్టును. నల్లజీడి రసము సోకిన చర్మము బొబ్బలెక్కును. ఇవి యన్నియు నొప్పులకు మన ప్రాచీనులు వాడిన ద్రవ్యములే. కాని ప్రతిదానికిని శోధన చెప్పిరి, మాత్ర చెప్పిరి, అనుపానము చెప్పిరి. విషమును విషమని పేరిడి పిలిచిన నిజాయితీ వారిది. నేటి చట్టమునందును వీనికి విషద్రవ్యముల పట్టిక ఒకటి కలదు. ఇట్టివి కలిసిన మందును వైద్యుని పర్యవేక్షణమున పుచ్చుకొనవలెనని చీటిపై హెచ్చరింపవలెను. “ఏ హానియు లేదు” అని వ్రాయువాడు అల్లోపతీ వైద్యునికే కాదు, చరకునికిని సుశ్రుతునికిని విరోధి.

మఱి మన పెరటి మందులకు గల బలమెంత? ఉన్నంత చెప్పుదము, లేనిది చేర్పము. వావిలాకునకు వాపు తగ్గించు గుణము కలదని జంతువులపై చేసిన పరీక్షలలో కనబడినది. మనుష్యులపై చక్కని పరీక్షలు మిక్కిలి తక్కువ. కాచిన నీళ్ల వేడిమియే కండరములకు సుఖము నిచ్చును గావున అందులో ఆకు పాలెంత, వేడి పాలెంత యను ప్రశ్న మిగిలియున్నది. అందుగు బంకసారము, పసుపుసారము మోకాళ్ల అరుగుదల నొప్పిని కొంతవఱకు తగ్గించునని పెక్కు చిన్న పరీక్షలు చెప్పుచున్నవి. అయితే కూరలో వేయు చిటికెడు పసుపు వేఱు, గాఢముగా తీసిన పసుపుసారము వేఱు. ఆ సారమును ఎక్కువగా పుచ్చుకొన్న కొందఱి కాలేయము చెడినట్లును వైద్యులు వ్రాసియున్నారు. శొంఠి స్త్రీల నెలసరి నొప్పికి కొంత ఉపశమన మిచ్చునని తెలియుచున్నది. నల్లేరు విరిగిన ఎముకకు మంచిదని ఆబాలగోపాలము నమ్ముదురు. మనవారు చింతపండుతో పచ్చడి చేసికొని తినుచునే యున్నారు. కాని ఎముక అతుకుటకు అది ఎంత తోడ్పడునో తేల్చుటకు తగిన పరీక్ష కావలసియున్నది.

నొప్పి యనునది శత్రువు మాత్రమే కాదు, వార్తాహరుడును. ఎడమచేతికి ప్రాకు ఱొమ్ము నొప్పికి, జ్వరముతో కూడిన కీలువాపునకు, కాళ్లు మొద్దుబాఱి మూత్రము పట్టు తప్పిన నడుము నొప్పికి కాపడము పెట్టుచు కూర్చుండుట ఆత్మహత్య. 1937లో నెల్లూరు జిల్లాలో షార్ట్ అను వైద్యుడును ఆయన సహచరులును, మనుష్యుల ఎముకలు బిగుసుకొని నడుము వంగిపోవుటకు కారణము త్రాగు నీటిలోని ఫ్లోరైడ్ అని లోకమునకు తెలిపిరి. ఆ నొప్పికి ఏ ఆకు మందు? ఏ మాత్ర మందు? మంచినీరే మందు. వార్తను వినక వార్తాహరుని గొంతు నొక్కు పొట్లము ఎంతటి ద్రోహమో పాఠకులే ఊహింతురు గాక.

ఈ వివాదము క్రొత్తది కాదు. మద్రాసు ప్రభుత్వమువారు దేశీయౌషధములను విచారించుటకు డాక్టరు కోమన్‌ను నియోగింపగా 1921 నాటికి వెలువడిన ఆయన నివేదికలు మన వైద్యమును చులకన చేసినవని వైద్యులు ఆగ్రహించిరి. పిమ్మట ఉస్మాన్ గారి అధ్యక్షతను ఏర్పడిన సంఘము 1923లో నివేదిక సమర్పించెను. దేశీయ వైద్యమునకు ప్రభుత్వాదరణము కావలెనని చెప్పెను. 1930లో నియమింపబడిన చోప్రా సంఘము దేశమందలి మందుల కల్తీని విచారించెను; తుదకు 1940లో ఔషధముల చట్టము వచ్చెను. 1964లో ఆయుర్వేద, యునానీ మందులకును ఆ చట్టమున ఒక అధ్యాయము చేర్చబడెను. మందు చేయువానికి లైసెన్సు ఉండవలెను. చీటిపై ద్రవ్యముల పేర్లుండవలెను. చట్టము లేదని ఎవ్వరును చెప్పజాలరు. చట్టము పుస్తకములో నున్నది. పొట్లము సంతలో నున్నది. ఇవి రెండును కలిసికొన్నప్పుడు గదా న్యాయము!

పరదేశమునందు మనము శూరులమే. 1995లో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రమునకు, పసుపుతో గాయములు మాన్పుటయందు పేటెంటు లభించెను. మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలివారు దానిని ఎదిరించి, మన గ్రంథములను సాక్ష్యము పెట్టి, 1997లో రద్దు చేయించిరి. 2001 నుండి మన సాంప్రదాయిక విజ్ఞానమును భద్రపఱచు గ్రంథాలయమును నిర్మించుచు వచ్చిరి. శ్లాఘనీయము. కాని మన మూలిక పేరును అమెరికావాడు దొంగిలించినప్పుడు పౌరుషము వచ్చి, మన సంతలోని వంచకుడు దొంగిలించినప్పుడు రాకపోవుట ఏమి పౌరుషము? మొదటివాడు మన సొత్తును తనదనెను. రెండవవాడు తన విషమును మనదనుచున్నాడు. ఇందెవ్వడు ఎక్కువ ద్రోహి?

పరీక్ష యనగానే కొందఱు అవమానముగా భావింతురు. 2021 మే మాసమున నెల్లూరు జిల్లా కృష్ణపట్నమునందు ఆనందయ్యగారి కరోనా మందునకై జనసముద్రము వచ్చి పడెను. ప్రభుత్వమువారు పంపిణీని ఆపి విచారణ చేయించిరి. హాని లేదని తోచిన వానికి మే మాసాంతమున అనుమతి నిచ్చిరి. కంటిలో వేయు చుక్కలకు మాత్రము అప్పుడు ఈయలేదు. హాని లేదనుట వేఱు, గుణము కలదనుట వేఱు. ఆ రెండవ ప్రశ్నకు ఓపికతో సమాధానము రాబట్టుటకు బదులు మన జనులు రెండు ముఠాలై తిట్టుకొనిరి. భక్తులు పరీక్షను ద్రోహమనిరి; పరిహాసకులు పరీక్షే అనవసరమనిరి. ఇరువురును ఒక్కటే చేసిరి: విచారణను చంపిరి.

తెలుగువాడు ఎట్లుండవలెనో తెలిసికొనుటకు ఎల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితము చాలును. 1895లో భీమవరమున పుట్టి, మద్రాసులో వైద్యము చదువునపుడు ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహమునకు పాత్రుడై, పూర్తి పట్టమునకు బదులు తక్కువ పట్టముతో తృప్తిపడవలసి వచ్చెనని ఆయన చరిత్రకారులు చెప్పుదురు. పిమ్మట ఆయన మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించెను. 1923లో అమెరికా చేరెను. అచ్చట లెడర్లీ పరిశోధనాలయమున ఆయన నాయకత్వమున పనిచేసినవారి కృషి నుండి వెలువడిన మెథోట్రెక్సేట్ అను మందు మొదట రక్తపు క్యాన్సరుపై పనిచేసెను; నేడు కీళ్లను వంకరలు త్రిప్పు ఆమవాతమునకు వైద్యులు మొదట తలచు మందులలో నొకటి. అనగా, ఖద్దరు కట్టి ఆయుర్వేద కళాశాలలో పాఠము చెప్పిన తెలుగువాని మేధ నేడు సంజామల కూలి స్త్రీ కీలునొప్పిని తగ్గించుచున్నది. దానిని స్వదేశి అందుమా, విదేశి అందుమా? మేము దానిని సత్యమందుము. ఖద్దరు ఆయన ఒంటిపై నుండెను; ఆయన పరీక్షకు ముసుగు కాలేదు.

స్వదేశి యనగా మాకు తెలిసినంతవఱకు మూడు గుణములు: మన చేతితో చేయుట, మన పేదవానికి అందుట, దాపఱికము లేకుండుట. చీటి లేని పొట్లమునకు మూడవ గుణము లేదు. కావున అది హిమాలయమున పుట్టినను, నల్లమలలో పుట్టినను స్వదేశి కానేరదు.

సూదిమందు త్రోవను మేము మఱచిపోలేదు. వారము వారము పొడుచు డైక్లోఫెనాక్ సూది కడుపులో పుండ్లు చేయును, మూత్రపిండములను అలయజేయును. పశువులకిచ్చిన అదే మందు కళేబరముల మూలమున రాబందుల మూత్రపిండములను చెఱచి, ఆ పక్షిజాతిని దాదాపు రూపుమాపినది. 2006లో పశువైద్యమునందు దానిని నిషేధించిరి. పక్షికి లభించిన పాటి విచారణ మన కూలికి లభింపవలదా? మనుష్యవైద్యమున దాని కొక స్థానము కలదు. కాని దానిని ఎవరు, ఎంతకాలము, ఎవరి విచారణపై పొడుచుచున్నారో చూచు దిక్కులేదు.

కావున మా కోరికలను స్పష్టముగ చెప్పుచున్నాము. మొదటిది: నంద్యాల జిల్లా ఔషధాధికారులు సంతలనుండి, తిరునాళ్లనుండి, దుకాణములనుండి కీళ్లనొప్పుల చూర్ణములను నియతముగా సేకరించి, స్టెరాయిడ్‌లకును నొప్పి మాత్రలకును పరీక్ష చేయించి, ఫలితములను తెలుగులో ప్రతి పంచాయతీ కార్యాలయము గోడపైనను అంటింపవలెను. రహస్య నివేదికలు మాకు వలదు.

రెండవది: నంద్యాలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వెలసినది. విజయవాడలో నోరి రామశాస్త్రిగారి పేరిట ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల కలదు. ఈ రెండును కూడి నాపరాళ్ల గనుల కూలీలలోను, పత్తి కూలీలలోను వావిలాకు కాపడమును, తైలమర్దనమును, అందుగు బంకసారమును సక్రమముగ పరీక్షింపవలెను. కొందఱకు ఆకు నీళ్లు, కొందఱకు ఉత్త వేడినీళ్లు. ఎవరి నొప్పి ఎంత తగ్గినది, ఎన్ని దినములు పనికి పోగలిగిరి, ఇవి వ్రాసి ప్రకటింపవలెను. దీనికి కోట్ల ధనము అక్కఱలేదు, సంకల్పము కావలెను. ఓడిన మందును ఓడినదని చెప్పు ధైర్యము కావలెను. గెలిచిన ఆకును ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున పెట్టు ధైర్యమును కావలెను.

మూడవది: పుత్తూరు కట్టు వంటి పరంపరలను గాలికి వదలరాదు. విరిగిన ఎముకకు ఆకుపసరు, కోడిగ్రుడ్డు సొన, వెదురుబద్దలు పెట్టి కట్టు ఆ విద్యకై దూరప్రాంతముల నుండి జనులు పోవుచునే యున్నారు. పోయినవారిలో ఎందఱి ఎముక సరిగా అతికినది, ఎందఱిది వంకరగా అతికినది అని ఛాయాచిత్రములతో లెక్క వ్రాసినచో ఆ విద్యకు గౌరవమే గాని లోపము లేదు. లెక్కకు వెఱచునది విద్య కాదు.

నాల్గవది: ఆకు ఉన్నప్పుడు గదా మందు! చెంచులు నల్లమల నుండి ముష్టిగింజలను, బంకలను ఏఱి తెత్తురు. వారికి దక్కునది కొలత కూలి, సీసాపై ధర మఱియొకరిది. 2002 నాటి జీవవైవిధ్య చట్టము వనవాసులకు లాభములో పాలు చెప్పినది. 2023లో చేసిన సవరణ, గ్రంథస్థమైన సాంప్రదాయిక విజ్ఞానమును వాడువారికి ఆ బాధ్యత నుండి మినహాయింపు నిచ్చినది. గ్రంథములో ఎక్కిన మాత్రమున అడవిలో ఏఱిన చేతికి ఋణము తీరిపోవునా? చెట్టును గాట్లతో చంపకుండ బంక తీయు పద్ధతిని నేర్పి, ఏఱినవానికి న్యాయమైన వెల ఇయ్యనిచో నల్లమల మూలిక యను మాట కొంతకాలమునకు చీటిపైననే మిగులును.

ఐదవది అన్నిటికంటె ముఖ్యము. గనిలో బండనెత్తుటకు యంత్రమును, చేనిలో నీడను, పనిమధ్య విరామమును, గర్భిణికి కూలితో కూడిన సెలవును ఇయ్యక, నొప్పికి మందు ఏదని అడుగుట వంచన. మనుష్యుని నడుము విఱుగగొట్టి వావిలాకు చేతికిచ్చువాడు వైద్యుడును కాడు, దేశభక్తుడును కాడు.

పఠనాలయములలో ఈ పత్రికను చదువు మహాశయులు తాము చేయగల పనిని చేయుదురు గాక. ఇంటిలో నొప్పి పొట్లమున్నచో తీసి చూడుడు. చేసినవాని పూర్తి చిరునామా, లైసెన్సు సంఖ్య, తయారైన దినము, గడువు, ద్రవ్యముల పేర్లు ఉన్నవా? లేనిచో అది మందు కాదు. కాని చాల దినములుగా వాడుచున్నవారు దానిని ఒక్కసారిగా పారవేయరాదు. పొట్లముతో సహా అర్హుడైన వైద్యుని కడకు పోయి, క్రమముగా మానవలెను. రెండు దినములలో అద్భుతము చేసిన చూర్ణమును అన్నిటికంటె ఎక్కువగా అనుమానింపుడు. ఆకు మెల్లగా పనిచేయును, మోసమే పరుగెత్తును. చదువురాని పొరుగువానికి చీటిని చదివి వినిపింపుడు. అక్షరము వచ్చినవానికి ఇది కనీస ధర్మము.

2016లో నంద్యాల–ఎఱ్ఱగుంట్ల రైలు త్రోవ తెరువబడి సంజామలకు బండి వచ్చినది. అనేక సంవత్సరములు అడుగగా అడుగగా వచ్చినది. మందులోని నిజమును కూడ మనము అట్లే అడుగవలసియున్నది: పంచాయతీని, జిల్లాధికారిని, శాసనసభ్యుని, పొట్లము అమ్మువానిని. మన అవ్వ వావిలాకు నీళ్లు కాచినప్పుడు కాగులో ఏమున్నదో అందఱకును కనబడుచుండెను. ఆ కాగుకు మూత లేదు. మన వైద్యమునకు మేము కోరు గౌరవము అంతియే. మూత తీసి చూపుడు.